చేదు చుక్క

నా కోడలు సుమేధ నా చేతి వంట మొదటిసారి ఉమ్మేసిన రోజున గోంగూర పప్పు చేశాను. ముద్ద నోట్లో పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది, లేచి సింకు దగ్గరకు వెళ్ళి ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చి కూర్చుంది.

"సారీ అత్తయ్యా. చేదుగా ఉంది."

మా అబ్బాయి శ్రీకర్ నా ముఖం వైపు చూశాడు. నేను వాడి కంచంలోంచే ఒక ముద్ద తీసి తిన్నాను. పుల్లపుల్లగా, కమ్మగా, ఎప్పటిలాగే ఉంది. నాకు అప్పుడే అనుమానం మొదలైంది.

అనుమానం నాకు కొత్తేమీ కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గుంటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నదాన్ని. మనిషి పైకి అన్న మాటకన్నా లోపల మింగేసిన మాటే నాకు ముందు వినపడుతుంది. సుమేధ 'చేదు' అన్నప్పుడు ఇంకో మాట మింగింది. ఆ మాట బొప్పాయి.

రెండేళ్ళ క్రితం తను నెల తప్పింది. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని మొగుడూ పెళ్ళాలిద్దరూ నోరు కుట్టేసుకున్నారు. అది తెలియక నేను పక్కింటివాళ్ళిచ్చిన బొప్పాయి కాయ కోసి, నువ్వుల పొడి జల్లి కూర చేశాను. తను మారు వడ్డించుకుని తింది. వారం తిరగకుండా కడుపు పోయింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, పిండం ఎదుగుదలలోనే లోపం ఉంది, తిండికీ దీనికీ సంబంధం లేదని తేల్చి చెప్పింది. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఎవరైనా ఏదైనా అని ఉంటే బాగుండేది. నేను కూడా నాలుగు మాటలని ఊరుకునేదాన్ని.

ఆ తర్వాతే సుమేధ తన పరిశోధనశాలలో, తిండిలో విషాన్ని నాలుకే పసిగట్టేలా చేసే ఈ చుక్క పని మొదలుపెట్టింది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి వచ్చేది. మళ్ళీ నెల తప్పాక, ఆ చుక్క తన నాలుక మీదే వేసుకుంటానంది. శ్రీకర్ వద్దన్నాడు. నేను ఏమీ అనలేదు. అంటే ఏమనుకుంటుందోనని భయం.

చుక్క వేసే రోజున మమ్మల్ని కూడా అమరావతి రోడ్డులోని ఆ పరిశోధనశాలకు తీసుకెళ్ళింది. అక్కడ పెద్దావిడ డాక్టర్ ఫిలోమినా. నెరిసిన జుట్టు, మెడలో సన్నటి సిలువ, నవ్వితే కళ్ళు కనపడవు. ఒక బోనులో కడుపుతో ఉన్న ఎలుకను చూపించింది. దాని ముందు రెండు పల్లీ గింజలు పెట్టింది. చూడటానికి రెండూ ఒకలాగే ఉన్నాయి. ఎలుక మొదటిదాన్ని కొరికి వెంటనే వదిలేసి, మూతిని బోను కడ్డీకి రుద్దుకుంది. రెండోది కటకటా తినేసింది.

"ఆ మొదటి గింజలో బూజు విషం ఉందండీ. మీ కంటికీ నా కంటికీ కనపడదు" అంది ఫిలోమినా.

"ఎలుకకి ఎట్లా తెలిసింది?"

సుమేధ అందుకుంది. "ప్రకృతి చాలా విషాలకి చేదు పెట్టింది అత్తయ్యా. కడుపుతో ఉన్నప్పుడు ఆ చేదు ఇంకాస్త బాగా తెలుస్తుంది. వేవిళ్ళప్పుడు వాంతులు అందుకే. మేం చేసిందల్లా దాన్ని పెంచడమే. మీ ఎక్స్ఛేంజీ భాషలో చెప్పాలంటే, గుసగుసని కేకలాగా వినిపిస్తాం. బిడ్డకి పడనిదేదైనా నోట్లోనే చేదుగా తెలిసిపోతుంది. గొంతు దిగదు."

"ఎన్నాళ్ళుంటుంది?"

"కానుపయ్యేదాకా. ఆ తర్వాత హార్మోన్లు తగ్గి దానంతటదే పోతుంది."

గాజు కడ్డీతో నాలుక మీద ఒకే ఒక్క చుక్క వేశారు. నీళ్ళలా తెల్లగా ఉంది. సుమేధ నోరు మూసుకుని నా వైపు చూసింది. ఇక నువ్వేం పెట్టినా నాకు తెలిసిపోతుంది అన్నట్టు అనిపించింది ఆ చూపు. ఆ పిల్ల అలా అనుకుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం అలాగే అనిపించింది.

మొదట్లో చుక్క గొప్పగానే పనిచేసింది. ఒకరోజు పల్లీ పచ్చడి వేలితో నాకి చేదంది. అదే పచ్చడిని డబ్బాలో పెట్టి పరీక్షకు పట్టుకెళ్ళింది. నిజంగానే బూజు విషం ఉందట. ఆ పల్లీలు ఏరి కొన్నది నేనే. శ్రీకర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూశావా అమ్మా, ఎంత ప్రమాదం తప్పిందో!" అన్నాడు. వాడికి ప్రమాదం తప్పింది కనిపించింది. నాకు నా ముఖం మాడిపోవడం కనిపించింది.

ఆ తర్వాతే గోంగూర పప్పు ఉమ్మేసింది. వంకాయ చేదైంది. బచ్చలికూర చేదైంది. బంగాళాదుంప, పాలు, కాఫీ, చివరికి మెంతి మజ్జిగ కూడా. ప్రతి కాయా ఆకూ తనను తాను కాపాడుకోవడానికి లోపల పిసరంత విషం దాచుకుంటుందనీ, మేతతో అది పాలలోకీ దిగుతుందనీ, చుక్క దాన్ని కూడా వదలడం లేదనీ ఫిలోమినా చెప్పిందట. మోతాదు ఎక్కువైంది, తర్వాతివాళ్ళకు తగ్గిస్తామంది. మరి దీని సంగతేమిటి? దీనికి వేసిన చుక్క తీయడానికి లేదు.

ఐదో నెలకు ఎముకల మీద చర్మం మిగిలింది. తిండి తగ్గేకొద్దీ భయం పెరిగింది. కొన్నవన్నీ కడగడం, కడిగినవి మళ్ళీ వేడినీళ్ళలో వేయడం, గరిటెలు ఉడికించడం. నేను స్టౌ దగ్గరుంటే ఏదో వంకతో వచ్చి నా చేతులవైపు చూసేది. మిరియాల డబ్బా మూత తీస్తే, "అదేంటి అత్తయ్యా?" అనేది. మిరియాలు తెలియని పిల్ల కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. కడుపుతో ఉన్నదాన్ని ఏమనగలం?

ఒక ఆదివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి స్టౌ ముందు నిలబడి ఉంది. కదలడం లేదు. బర్నరు చుట్టూ వెండిలా మెరుస్తూ ఒక మడుగు.

"ఏమిటే అది?"

"గిన్నె... క్రిములు చస్తాయని కాస్త వేడి చేశాను అత్తయ్యా."

"ఏ గిన్నె?"

జవాబు అక్కర్లేకపోయింది. చారు గిన్నె. మా అత్తగారు నాకిచ్చిన సత్తు గిన్నె. సత్తు అంటే తగరం. అందులో చింతపండు రసం, నీళ్ళు పోసి ఆ తర్వాతే పొయ్యి మీద పెడతాం. ఖాళీగా పెడితే కరిగిపోతుంది. మా ఇంట్లో గరిటె పట్టిన ప్రతి ఆడదానికీ ఇది తెలుసు. ఇంత చదివినదానికి తెలియలేదు.

"అడిగితే నోరు పోయేదా? నీకు నా గిన్నె మీద కూడా అనుమానమేనా?" అన్నాను. గొంతు పెద్దదే అయింది. సుమేధ ఏడవలేదు. చల్లారిన ఆ లోహాన్ని కత్తి మొనతో గీకి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

సాయంత్రానికల్లా బజారుకు వెళ్ళి కొత్త సత్తు గిన్నె తెచ్చింది. ధగధగా మెరుస్తోంది. పాత దానికన్నా చేతికి బరువుగా ఉంది. "అసలైన సత్తు అని కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు అత్తయ్యా" అంది. బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు. నా కోపం సగం అక్కడే చచ్చిపోయింది. బరువుందంటే గట్టిదేలే అనుకున్నాను.

ఆ గిన్నెలో చారు పెట్టాను. మిరియాలు, జీలకర్ర దంచి, చింతపండు చిక్కగా పిండి, తాలింపు వేరే గరిటెలో వేసి ఘుమఘుమలాడేలా పోశాను. సుమేధ భయపడుతూ చెంచాతో నోట్లో పోసుకుంది. ఆగింది. ఇంకో చెంచా తాగింది. తర్వాత గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

"చేదుగా లేదు అత్తయ్యా! తియ్యగా ఉంది!"

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళకు నా చేతిది ఏదో ఒకటి దాని గొంతు దిగింది. అప్పటినుంచి పూటపూటా చారే. చారూ అన్నం, చారులో ఇడ్లీ, ఉత్త చారు గ్లాసులో. రాత్రి మిగిలింది గిన్నెలోనే ఉంచితే పొద్దునకు ఇంకా రుచిగా ఉందనేది. నేను కావాలనే మిగిల్చేదాన్ని. ఊళ్ళోవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను, నా కోడలు నా చారు తప్ప ఇంకేమీ ముట్టదని. అంత గర్వం నాకు శ్రీకర్ పుట్టినప్పుడు కూడా లేదు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. తర్వాత సుమేధకు కడుపులో మెలిపెట్టే నొప్పులు మొదలయ్యాయి. ముఖం పాలిపోయింది. చేతులు లాగుతున్నాయనేది, చెప్పిన మాటే మళ్ళీ చెప్పేది. రక్తం తక్కువగా ఉంది, సరిగ్గా తినకపోతే అంతేనని డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసింది. ఆ మాత్రలు చేదు. చారు మాత్రం తియ్యగానే ఉంది.

ఈలోగా పరిశోధనశాలలో చుక్క వేయించుకున్న మిగతా గర్భిణులు కూడా తిండి మానేస్తున్నారు. ఫిలోమినాకు ఒక ఆలోచన వచ్చింది. సీతారత్నంగారి చారు, అంటే నా చారు, చేదు తగలదు కదా, ఆవిడే వచ్చి అందరికీ పెడితే? నాకోసం కారు పంపింది. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ఇంట్లోవే చింతపండు, మిరియాలు, జీలకర్ర పట్టుకెళ్ళాను. వాళ్ళ వంటగదిలో స్టీలు తపేలాలో పెద్దగా చారు పెట్టాను. అందరికన్నా ముందు సుమేధ నోట్లో పోసుకుంది.

ఉమ్మేసింది.

నేను తాగి చూశాను. నా చారే. మిగతా అమ్మాయిలు కూడా ముఖాలు వికారంగా పెట్టారు. ఇంట్లోంచి సుమేధ సీసాలో తెచ్చుకున్న పొద్దుటి చారు ఉంది. అది తాగి చూసింది. తియ్యగా ఉందంది.

అదే చెయ్యి, అదే చింతపండు. ఒకటి తీపి, ఒకటి చేదు. సుమేధ నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"అత్తయ్యా, ఇంట్లో మీరు ఇందులో ఏం కలుపుతున్నారు?"

రెండేళ్ళుగా మింగిన మాట అదే. ఇప్పుడు అందరి ముందూ బయటికి వచ్చింది. శ్రీకర్ "సుమేధా!" అని అరిచాడు. ఫిలోమినా కూడా నావైపే చూస్తోంది. ఆవిడ చూపులో కూడా అదే ప్రశ్న.

"కలపడమా? ఇదిగో, నా సంచీ మొత్తం చూసుకోండి. ఈ మిరియాలు పరీక్ష చెయ్యండి. నా చేతులు కడిగి ఆ నీళ్ళు పరీక్ష చెయ్యండి. నేను నా మనవడికి విషం పెడతానా? అట్లా అనుకునే ఇన్నాళ్ళూ నా చేతి అన్నం తిన్నావా?" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

సుమేధ ఏడవలేదు. కళ్ళు మాత్రం ఎటో వెళ్ళిపోయాయి. లెక్క కట్టేటప్పుడు దాని ముఖం అలాగే ఉంటుంది.

"ఉండండి అత్తయ్యా. సామాను ఇంట్లోదే. చెయ్యి మీదే. ఇంట్లో ఉన్నదీ, ఇక్కడ లేనిదీ ఏంటి?"

ఇద్దరం ఒకేసారి అన్నాం. "గిన్నె."

శ్రీకర్ పరుగున వెళ్ళి గిన్నె తెచ్చాడు. దాన్నీ, సీసాలో మిగిలిన చారునూ యంత్రానికి ఇచ్చారు. అది ఎంతసేపు తీసుకుందో నాకు తెలియదు. సుమేధ కాగితం చదివింది.

"సీసం. సగానికి పైగా సీసమే. తగరం పేరు చెప్పి అమ్మేశాడు. చింతపండు పులుపుకి కరిగి చారులోకి దిగింది."

"మరి నీ చుక్కకి తెలియలేదా?"

"సీసం తియ్యగా ఉంటుంది అత్తయ్యా" అంది. "ఆ తీపి చారులో మిగతా చేదునంతా కప్పేసింది. ఆకుల్లో, బూజులో ఉండే పాత విషాలే నాలుకకి తెలుసు. మనిషి తవ్వి తీసిన దాని సంగతి దానికి తెలీదు. ఈ సంగతి నేను ఆలోచించనే లేదు. చేదు కాదంటే మంచిదే అనుకున్నాను." పొట్ట మీద రెండు చేతులూ వేసుకుంది. "నాది సరే. అది బిడ్డకి కూడా చేరుతుంది."

గిన్నె బల్ల మీద ధగధగా మెరుస్తూనే ఉంది. కొట్టువాణ్ణి తిట్టాను, నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్లు అయిపోయాయి. సుమేధ "కొన్నది నేను" అంది. "కాచింది నేను" అన్నాను.

ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచారు. రక్తంలో సీసం బాగా ఎక్కువే ఉంది. మందులకన్నా ముఖ్యంగా తిండే తినాలన్నారు. పాలు, ఆకుకూరలు, రాగులు, పప్పులు కడుపునిండా తింటే బిడ్డకు చేరే సీసం తగ్గుతుందట. ఇప్పటికే ఎంత చేరిందో, దాని వల్ల ఏమవుతుందో పుట్టాక కూడా వెంటనే తెలియదన్నారు. అంటే, ఏవి చేదో అవే తినాలి.

నేను పాలగ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. సుమేధ గ్లాసు తీసుకోలేదు.

"బొప్పాయి వల్ల కాదని నాకు మొదటిరోజే తెలుసు అత్తయ్యా. రిపోర్టు చదివింది నేనే కదా. తెలిసి కూడా... మీ చెయ్యి చూస్తే చాలు, ఆ కూరే గుర్తొచ్చేది. నాకు నేనెంత చెప్పుకున్నా పోలేదు. ఆ చుక్క చేసింది అందుకే. మిమ్మల్ని అడగక్కర్లేకుండా నా నాలుకే చెప్తుందని."

ఈ మాట కోసమే నేను రెండేళ్ళు కాచుకుని కూర్చున్నాను. "పాలు తాగమ్మా" అన్నాను.

తాగబోయింది, కక్కుకుంది. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ కక్కుకుంది. "కళ్ళు మూసుకుని గుటకెయ్యి, కమ్మటి గేదె పాలు" అన్నాను.

"మీకేం! మీకు కమ్మగానే ఉంటాయి. నాకెట్లా ఉందో మీకేం తెలుసు?" అని గ్లాసు విసిరేసింది.

నిజమే. నాకేం తెలుసు?

మర్నాడు ఒంటరిగా ఆటో ఎక్కి పరిశోధనశాలకు వెళ్ళాను. ఫిలోమినా ముందు కూర్చుని నాలుక చాపాను. ఆవిడకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"వద్దండీ. గర్భిణికైతే కానుపుతో పోతుంది. మీ వయసులో ఎప్పుడు పోతుందో మాకు తెలీదు. అసలు పోకపోవచ్చు కూడా."

"పోకపోతే పోనివ్వండి. నా నాలుక ఇన్నేళ్ళు సుఖపడింది చాలు. కక్కకుండా మింగడం ఎట్లాగో ఒకళ్ళు ముందు నేర్చుకుని ఆ పిల్లకి చూపించాలి కదా."

సంతకాలు పెట్టించుకుని, తన మీద తనే విసుక్కుంటూ చుక్క వేసింది.

ఇంటికి వచ్చాక స్టీలు గిన్నెలో చారు పెట్టాను, బచ్చలికూర పప్పు చేశాను. ఆసుపత్రి నుంచి వచ్చిన సుమేధను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వేపాకు నూరి నాలుకకు పట్టించినట్టుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇన్ని నెలలూ ఈ పిల్ల దీంతో యుద్ధం చేస్తోంది, నేనేమో ముఖం ముడుచుకుని కూర్చున్నాను. మింగాను. రెండో ముద్ద కలిపాను.

సుమేధ నా ముఖం చూసి లేచి నిలబడింది. "అత్తయ్యా! ఏం చేశారు మీరు?"

"కూర్చో. వండేటప్పుడు కాస్త నాకి చూశాను, పప్పుకన్నా చారు నయం. అందుకని ముందు పప్పు తినేద్దాం. ముక్కు గట్టిగా మూసుకుంటే సగం చేదు తగ్గుతుంది, నేను చూశాను."

ఇద్దరం ముక్కులు మూసుకుని తిన్నాం. మధ్యలో శ్రీకర్ వచ్చి పీట వాల్చుకుని, చారు జుర్రుకుని, "అబ్బ, ఏం చారమ్మా! అదిరిపోయింది!" అన్నాడు. మేమిద్దరం వాడి వైపు ఒకే చూపు చూశాం. వాడికి ఏమీ అర్థం కాలేదు. సుమేధ ఫక్కున నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూనే కంచం ముందుకు జరిపింది. "ఇంకొంచెం పప్పు వెయ్యండి అత్తయ్యా" అంది.

కానుపయ్యేదాకా పూటపూటా అలాగే తిన్నాం. ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ. రక్తంలో సీసం ఉంది, కానీ భయపడినంత లేదు. అప్పుడప్పుడూ పరీక్ష చేయిస్తూ ఉండాలి, మాటా నడకా గమనిస్తూ ఉండాలి, చదువుకునే వయసు వచ్చేదాకా గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు. పాప వేళకు బోర్లా పడింది. వేళకు కూర్చుంది. అయినా రాత్రిళ్ళు సుమేధ లేచి దాని ముఖంలోకి చూస్తూ కూర్చోవడం నాకు తెలుసు. నేను కూడా చూస్తాను.

చుక్కను అక్కడితో ఆపేశారు. సుమేధ నాలుక కానుపైన నెలకు మామూలైంది. నాది కాలేదు. ఫిలోమినా నెలనెలా పిలిచి చూస్తుంది, తల అడ్డంగా ఊపుతుంది. ఇప్పుడు నేను వాసన చూసి వండుతాను. పొంగు చూసి, రంగు చూసి వండుతాను. ఉప్పు మాత్రం కనిపించదు కదా.

మొన్న పాపకు అన్నప్రాశన. బంధువులంతా హాల్లో ఉన్నారు. నేను వంటింట్లో మెత్తగా అన్నం మెదిపి, నెయ్యి వేసి, పిసరంత ఉప్పుతో పలచటి పప్పుకట్టు కలిపాను. నా నాలుకకు అది ఇప్పటికీ వేపాకే. గిన్నె సుమేధ ముందు పెట్టాను. ఒకప్పుడు నా చేతివైపు చూసిన చూపుతోనే ఆ గిన్నెలోకి చూసింది. వేలితో తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. నేను దాని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. అందులో ఏముందో, ఎలా ఉందో, నాకు తెలిసే దారి ఇంకోటి లేదు.

"ఉప్పు సరిపోయింది. కమ్మగా ఉంది అత్తయ్యా" అంది.

ఆ మాటలో మింగేసిన మాట ఏదైనా ఉందేమోనని చెవి పెట్టి విన్నాను. ఏమీ వినిపించలేదు. గిన్నె తీసుకుని హాల్లోకి వెళ్ళి, పాప నోట్లో మొదటి ముద్ద పెట్టాను.